మా ఆయన చూపించే స్టడీ నిజమా, మా అమ్మాయి చూపించేది నిజమా?

గోదావరి జిల్లాల నుంచి ఒకావిడ పెద్ద ఉత్తరం రాశారు. పేరు, ఊరు రాయొద్దన్నారు కాబట్టి విషయం మాత్రం చెప్తాను. ఆవిడకి 45 ఏళ్లు, భర్తకి 51, ప్రభుత్వ ఉద్యోగం. ఆయన రోజూ రాత్రి భోజనానికి ముందు విస్కీ తాగుతారు. ఎవరడిగినా "రెండు పెగ్గులే" అంటారు. తాగి గొడవ చేసే మనిషి కాదు, ఇంట్లో ఎవర్నీ ఒక మాట అనరు, జీతం పైసాతో సహా ఇంటికే ఇస్తారు, పొద్దున్నే లేచి డ్యూటీకి వెళ్లిపోతారు. ఈ మధ్య హెల్త్ చెకప్ చేయిస్తే స్కానింగ్‌లో గ్రేడ్ 2 ఫ్యాటీ లివర్ అని వచ్చింది. బీపీ 148/94. జీజీటీ అనే లివర్ పరీక్ష ఉండాల్సిన దానికి రెండింతలు ఉంది. షుగర్ బోర్డర్‌లో ఉంది. మద్యం అలవాటు ఉందా అని డాక్టర్ అడిగితే ఆయన "అప్పుడప్పుడు" అన్నారట. "అయితే కొంచెం తగ్గించండి" అని డాక్టర్ వేరే మాటల్లోకి వెళ్లిపోయారు.

ఇంటికొచ్చాక అసలు గొడవ మొదలైంది. ఆయన ఫోన్‌లో ఒక వార్త చూపించారు, రోజుకు ఒకటి రెండు పెగ్గులు తాగేవాళ్లు అసలు తాగనివాళ్లకంటే ఎక్కువ కాలం బతుకుతారని. హైదరాబాద్‌లో ఫార్మసీ చదువుతున్న కూతురు ఒక్క చుక్క కూడా మంచిది కాదని ఇంకో వార్త పంపింది. ఆయన అమెరికా రిపోర్ట్ పంపారు, అమ్మాయి డబ్ల్యూహెచ్‌ఓ మాట పంపింది. అత్తగారేమో "రోజంతా కష్టపడి వచ్చినవాడు రెండు పెగ్గులు వేసుకుంటే ఇంత రాద్ధాంతమా, మీ మామగారు జీవితమంతా తాటికల్లు తాగి 86 ఏళ్లు బతకలేదా" అంటున్నారు. ఒకరోజు మాటామాటా పెరిగి ఆయన "మీ నాన్న జన్మలో ముట్టలేదుగా, 58కే గుండెపోటుతో పోలేదా" అనేశారు. ఆ మాటకి ఆవిడ నెల రోజులుగా కుమిలిపోతున్నారు. చివర్లో ఇలా అడిగారు: "ఇన్నేళ్ల పరిశోధన చేసి సైంటిస్టులే ఒక మాట మీద లేరు. మరి నేను ఏ మొహం పెట్టుకుని ఆయన్ని మానమని అడగాలి?"

చూడండమ్మా, మీ ఉత్తరంలో జవాబు సగం మీరే రాసేశారు, మధ్యలో ఒక చిన్న వాక్యంలో. "శనివారం తెచ్చిన ఫుల్ బాటిల్ గురువారం పొద్దునకల్లా పాత పేపర్ల పక్కన ఖాళీగా ఉంటుంది" అన్నారు, ఇంట్లో ఇంకెవరూ తాగరని కూడా అన్నారు. ఫుల్ బాటిల్ అంటే 750 మిల్లీలీటర్లు. ఐదు రాత్రులకి పంచితే రాత్రికి 150. పెద్ద పెగ్గు 60 కాబట్టి అది రెండున్నర పెద్ద పెగ్గులు. లేబుల్ మీద 42.8 శాతం అని ఉంటుంది చూడండి, ఆ లెక్కన బాటిల్ మొత్తంలో ఉండే అసలు ఆల్కహాల్ 250 గ్రాములు, అంటే రోజుకు 50 గ్రాములు. వారానికి 350. బ్రిటన్‌లో ప్రభుత్వ వైద్యాధికారులు వారానికి 14 యూనిట్లు దాటొద్దని 2016 నుంచి చెప్తున్నారు, వాళ్ల యూనిట్ 8 గ్రాములు కాబట్టి అది 112 గ్రాములు. మీ ఆయన దానికి మూడింతలు దాటారు.

ఆయన అబద్ధం చెప్తున్నారని నేను అనడం లేదు. స్టీలు గ్లాసులో కంటితో చూసి పోసుకునే మనిషికి అది రెండు పెగ్గుల్లాగే కనిపిస్తుంది. మద్యం మీద పరిశోధన చేసేవాళ్లందరి మొదటి తలనొప్పి కూడా ఇదే. ఎంత తాగుతారని లక్షల మందిని అడిగి అదంతా కలిపితే, చాలా దేశాల్లో అక్కడ అమ్ముడుపోయిన మద్యంలో సగం దాకానే తేలుతుంది. మిగతా సగం ఎవరు తాగారో సర్వేలో కనపడదు. పైగా ఒకసారి అడిగిన జవాబుని పట్టుకుని పదేళ్లు, ఇరవై ఏళ్లు నడిపిస్తారు, ఈలోగా మనిషి పెంచాడో, తగ్గించాడో, మానేశాడో చాలాసార్లు మళ్లీ అడగరు. వారానికి పద్నాలుగు పెగ్గులని రాసుకున్న ఇద్దరిలో ఒకరు రోజుకు రెండు తాగినవాళ్లు కావచ్చు, ఇంకొకరు శని ఆదివారాల్లోనే అంతా పట్టించేవాళ్లు కావచ్చు. కాగితం మీద ఇద్దరూ ఒకటే, ఒంటి మీద ఒకటి కాదు. ఇంకో సంగతి కూడా న్యాయంగా చెప్పాలి, ఈ తక్కువ చెప్పుకోవడం రెండు వైపులా మోసం చేస్తుంది. నాలుగు తాగి రెండన్నవాళ్లకి వచ్చిన జబ్బులు రెండు పెగ్గుల ఖాతాలో పడతాయి కాబట్టి, కొద్దిగా తాగడం వల్ల ఉన్నదానికంటే ఎక్కువ చెడు ఉన్నట్టు కూడా కనపడొచ్చు. మీ అమ్మాయి పంపే వార్తల్నీ అందుకే కొంచెం ఆగి చదవాలి.

ఇక మీ ఆయన చూపించిన వార్త సంగతి. అది కల్పించింది కాదు. 1926లోనే అమెరికాలో రేమండ్ పెర్ల్ అనే ఆయన మితంగా తాగేవాళ్లు ఎక్కువ కాలం బతుకుతున్నట్టు లెక్కలు చూపించాడు. ఆ తర్వాత దశాబ్దాల పాటు దేశం తర్వాత దేశంలో అదే బొమ్మ వచ్చింది: అసలు తాగనివాళ్లకి కొంచెం ఎక్కువ ప్రమాదం, కొద్దిగా తాగేవాళ్లకి తక్కువ, ఎక్కువ తాగేవాళ్లకి బాగా ఎక్కువ. 1990ల మొదట్లో ఫ్రాన్స్ వాళ్లు అంత వెన్న, చీజ్ తిన్నా వాళ్ల గుండెలు బాగున్నాయంటే అది రెడ్ వైన్ మహిమేనని టీవీల్లో చెప్పేసరికి అది ప్రపంచమంతా పాకింది.

చిక్కు ఎక్కడుందంటే, "తాగనివాళ్లు" అన్న ఆ గుంపులో ఎవరున్నారన్న దగ్గర. 1988లో జెర్రీ షేపర్ అనే బ్రిటిష్ పరిశోధకుడు, అక్కడి 24 ఊళ్లలో 7,735 మంది నడివయసు మగవాళ్లను ఏళ్ల తరబడి గమనిస్తూ ఒక విషయం బయటపెట్టాడు. తాగనివాళ్లుగా రాసుకున్నవాళ్లలో చాలామంది ఒకప్పుడు తాగి, ఒళ్లు పాడయ్యో, డాక్టర్ హెచ్చరిస్తేనో మానేసినవాళ్లే. అప్పటికే జబ్బుపడ్డవాళ్లను ఒకవైపు నిలబెట్టి వాళ్లతో పోలిస్తే, సాయంత్రం ఒక పెగ్గు తాగే ఆరోగ్యవంతుడు గెలవకుండా ఎలా ఉంటాడు? దీనికి తోడు ఆ దేశాల్లో మితంగా వైన్ తాగేవాళ్లు సగటున చదువుకున్నవాళ్లు, డబ్బున్నవాళ్లు, పొగ తక్కువ తాగేవాళ్లు, డాక్టర్ దగ్గరికి టైముకి వెళ్లేవాళ్లు. వాళ్ల ఆయుష్షులో వైన్ వాటా ఎంత, మిగతా జీవితం వాటా ఎంత అని విడదీయడం మహా కష్టం. మన దగ్గర పరిస్థితి వేరు. ఆడవాళ్లలో ఎక్కువమంది ముట్టరు, తాగే మగవాళ్లలో చాలామంది కొద్దిగా తాగి ఆపరు. మన దేశంలో మగవాళ్ల మీద 2010లో వచ్చిన ఒక అధ్యయనంలో మద్యం వల్ల గుండెకి రక్షణ అన్నది కనపడనేలేదు.

మీ మామగారి విషయం కూడా ఇక్కడే తేల్చేద్దాం. 86 ఏళ్లు బతికినాయన అందరికీ కనిపిస్తాడు, ఆయన గురించి ఊరంతా చెప్పుకుంటుంది. ఆయనతోపాటు తాడిచెట్ల కింద కూర్చుని తాగి 50లో, 55లో పోయినవాళ్ల గురించి మీ అత్తగారు ఇప్పుడు ఎత్తరు. చాలా అధ్యయనాల్లోనూ ఇదే లోటు ఉంది, 50 దాటినవాళ్లనే చేర్చుకుంటారు, అప్పటికే తాగుడు వల్ల పోయినవాళ్లు లెక్కలోకి రానే రారు. పైగా చెట్టు దింపిన తాజా కల్లుకీ 42.8 శాతం విస్కీకీ పోలికే లేదు. ఎండలో ఒళ్లువంచి పనిచేసి సాయంత్రం కల్లు తాగిన మనిషి ఒళ్లు వేరు, రోజంతా కుర్చీలో కూర్చునే మనిషి ఒళ్లు వేరు.

మరి మందుల్ని పరీక్షించినట్టు దీన్నీ పరీక్షించొచ్చు కదా, సగం మందికి రోజూ ఒక డ్రింక్ ఇచ్చి, సగం మందికి ఇవ్వకుండా చూడొచ్చు కదా అంటారేమో. అమెరికా ప్రభుత్వ ఆరోగ్య సంస్థ ఎన్ఐహెచ్ ఆ పనే మొదలుపెట్టింది. వేలమందిని ఏళ్ల తరబడి గమనించాలని అనుకున్నారు. ఖర్చులో పెద్ద వాటా మద్యం కంపెనీల నుంచి వస్తోందని, ఆ డబ్బు కోసం కొందరు అధికారులు, పరిశోధకులు ముందే కంపెనీలతో మాట్లాడుకున్నారని బయటపడింది. 2018 జూన్‌లో దాన్ని ఆపేశారు. అది నడిచినా అన్నీ తేలేవి కావు. క్యాన్సర్ రావడానికి ఇరవై, ముప్ఫై ఏళ్లు పడుతుంది, అంతకాలం ఒక మనిషిని "నువ్వు రోజూ తాగు", ఇంకో మనిషిని "నువ్వు ముట్టకు" అని కట్టేసి ఎవరూ ఉంచలేరు.

నాకు బాగా నచ్చిన ప్రయత్నం ఒకటి చైనాలో జరిగింది, 2019లో లాన్సెట్ అనే వైద్య పత్రికలో వచ్చింది. తూర్పు ఆసియా వాళ్లలో చాలామందికి పుట్టుకతోనే ఒక జన్యువు తేడాగా ఉంటుంది. కొంచెం తాగితే చాలు మొహం ఎర్రబడి, వాంతి వచ్చినట్టై, గుండె దడ పుడుతుంది, అందుకని వాళ్లు జీవితమంతా తక్కువే తాగుతారు. అది వాళ్ల చదువు బట్టో డబ్బు బట్టో రాలేదు, పుట్టుకతో వచ్చింది. ఐదు లక్షల మంది ఉన్న అధ్యయనంలో లక్షన్నర మందికి పైగా జన్యువులు చూసి, ఎవరికి ఎంత తాగే వీలుందో దాన్నిబట్టి జబ్బుల లెక్క తీశారు. అక్కడి ఆడవాళ్లు దాదాపు తాగరు, కాబట్టి అదే జన్యువు ఉన్న ఆడవాళ్లను పోల్చి, తేడా జన్యువుది కాదు మద్యానిదేనని నిర్ధారించుకున్నారు. ప్రశ్నలు అడిగి రాసుకున్న లెక్కలో మితంగా తాగేవాళ్లకి పక్షవాతం తక్కువ కనపడింది. జన్యువుల లెక్కలోకి రాగానే ఆ లాభం మాయమైంది, తాగుడు పెరిగేకొద్దీ బీపీ, పక్షవాతం రెండూ పెరిగాయి. గుండెపోటు విషయంలో మాత్రం అటూ ఇటూ స్పష్టంగా తేలలేదు. మన తెలుగువాళ్లలో ఆ జన్యువు అరుదు, కానీ మద్యం బీపీని పెంచే తీరు మనుషులందరికీ ఒకటే.

ఇప్పుడు మీ ఇంట్లో గొడవకి వద్దాం. 2024 డిసెంబర్‌లో అమెరికా జాతీయ సైన్స్ అకాడమీల కమిటీ, మితంగా తాగేవాళ్లలో అసలు ఎప్పుడూ తాగనివాళ్లకంటే మరణాలు తక్కువగా కనిపించాయని రాసింది. మూడు వారాలు తిరగకుండా, 2025 జనవరిలో, అదే దేశపు సర్జన్ జనరల్, అంటే ప్రజారోగ్యం మీద ప్రభుత్వం తరఫున మాట్లాడే పెద్ద డాక్టర్, మద్యం క్యాన్సర్‌కి కారణమని జనాన్ని హెచ్చరించాడు. ఇద్దరూ కొట్టుకుంటున్నట్టు వార్తలొచ్చాయి. ఆ రిపోర్టులు రాసినవాళ్లు ఏ మోతాదు గురించి మాట్లాడుతున్నారో చూడండి. అప్పటి అమెరికా ప్రభుత్వ సలహా ప్రకారం మగవాళ్లకి మితం అంటే రోజుకు రెండు డ్రింకులు, అంటే 28 గ్రాములు. తగాదా అంతా ఆ 28 లోపల ఉన్నవాళ్లకి కాస్త మేలా, ఏమీ లేదా, కాస్త కీడా అన్నదాని మీదే. మీ ఆయన ఉన్నది 50 దగ్గర. అక్కడ వాళ్లెవరికీ తగాదా లేదు.

2023లో 107 అధ్యయనాలను, మొత్తం 48 లక్షల మందిని కలిపి మళ్లీ లెక్కేశారు. తాగనివాళ్ల గుంపులో ఉన్న ఆ పాత లోపాల్ని సవరించాక, రోజుకు 25 గ్రాముల లోపు తాగేవాళ్ల మరణాల్లో చెప్పుకోదగ్గ తేడా ఏమీ లేదు, మేలూ లేదు. మగవాళ్లలో 45 గ్రాములు దాటిన దగ్గర్నుంచి ప్రమాదం గట్టిగా కనపడింది. ప్రమాదం ఎంత అన్నదీ చెప్తాను, లేకపోతే మీరు ఊరికే భయపడతారు. 2018లో లాన్సెట్‌లో వచ్చిన అంచనా ప్రకారం, మద్యంతో ముడిపడిన జబ్బుల్లో ఏదో ఒకటి అసలు తాగని లక్ష మందిలో ఏడాదికి 914 మందికి వస్తే, రోజుకు 10 గ్రాములు తాగేవాళ్లలో 918 మందికి, 20 గ్రాములైతే 977 మందికి, 50 గ్రాములైతే 1,252 మందికి వస్తుంది. ఒకటి రెండు చిన్న పెగ్గుల దగ్గర తేడా నిజంగానే చిన్నది, దాన్ని కొలవడం కష్టం కాబట్టే ఇన్ని వాదనలు. 50 దగ్గర అది చిన్నది కాదు, అదీ ఒక్క ఏడాది లెక్క, ఏళ్లు గడిచేకొద్దీ పోగవుతుంది. క్యాన్సర్ విషయంలో అయితే 1988లోనే ప్రపంచ ఆరోగ్య సంస్థ క్యాన్సర్ విభాగం మద్యాన్ని పొగాకు ఉన్న వరసలో పెట్టింది. నోరు, గొంతు, అన్నవాహిక, కాలేయం, పెద్దపేగు, ఆడవాళ్లలో రొమ్ము, ఇవన్నీ ఇప్పుడు మద్యంతో ముడిపడిన క్యాన్సర్ల జాబితాలో ఉన్నాయి.

మీ నాన్నగారి మాట. అది అనకూడని మాట, వాదనలో గెలవడానికి అన్న మాట, దాని గురించి మీరు ఆయనతో విడిగా ఒకసారి మాట్లాడాలి, మద్యం ఊసు ఎత్తకుండా. "ఆ మాట నన్ను బాధపెట్టింది, మళ్లీ అనకండి" అంటే చాలు. లక్ష మందిలో ఆ 914 మంది ఉన్నారు చూశారా, వాళ్లెవరూ తాగలేదు, అయినా జబ్బుపడ్డారు. తాగకపోవడం ఎవరికీ గ్యారంటీ కాదు. మీ నాన్నగారు తాగకపోవడం వల్ల పోలేదు, ఆయన పోవడం మీ ఆయన బాటిల్‌కి లైసెన్సూ కాదు.

ఏం చేయొచ్చు అన్నదానికి, నాకు కనిపించే దారులు చెప్తాను, ఎంచుకోవాల్సింది మీరిద్దరూ.

ఏ దారైనా సరే, ముందు డాక్టర్ దగ్గరికి మళ్లీ వెళ్లండి. "అప్పుడప్పుడు" అన్న మాట విని ఇచ్చిన సలహా అది. "ఐదు రోజులకి ఒక ఫుల్ బాటిల్" అని చెప్తే ఆయన ఇంకోలా మాట్లాడతారు. 2023లో కాలేయ డాక్టర్ల సంఘాలు ఫ్యాటీ లివర్‌ని కొత్తగా విడగొట్టాయి, బరువు, షుగర్ లాంటి సమస్యలున్న మగవాడు రోజుకు 30 నుంచి 60 గ్రాములు తాగుతుంటే దాన్ని విడి రకంగా చూస్తారు. అందుకని గ్రాముల లెక్క డాక్టర్‌కి నిజంగా పనికొస్తుంది. ఇది మీ ఆయనే చెప్తే మంచిది, మీరు పక్కనుంచి అందిస్తే అక్కడే గొడవవుతుంది.

ఒక దారి, డాక్టర్‌తో మాట్లాడుకుని ఒక నెల, వీలైతే ఆరు వారాలు, పూర్తిగా ఆపి చూడటం. బీపీ ఇంట్లోనే మెషీన్‌తో రోజూ పొద్దున రాసుకోండి. జీజీటీ ముందొకసారి, తర్వాతొకసారి చేయించండి. స్కానింగ్ అంత తొందరగా మారదు, దానికి డబ్బు పెట్టొద్దు. ఇంత తాగే మనిషి ఆపితే బీపీ, జీజీటీ కొన్ని వారాల్లో దిగడం మామూలే. దిగితే అది చైనా వాళ్ల లెక్కా అమెరికా వాళ్ల లెక్కా కాదు, ఆయన సొంత ఒంటి లెక్క, దానితో ఆయన వాదించలేరు. దిగకపోతే మాత్రం "చూశావా, మందు వల్ల కాదు" అంటారు, దానికి సిద్ధపడండి. బరువు, షుగర్ వల్ల కూడా జీజీటీ పెరుగుతుంది కాబట్టి అప్పుడు వాటి సంగతి చూడాలి, అంతే తప్ప అది క్లీన్ చిట్ కాదు. ఇంకో చిక్కు, నెల కాగానే "నేను ఎప్పుడు కావాలంటే అప్పుడు మానగలను" అని మళ్లీ పాత కోటాకి వెళ్లిపోయేవాళ్లు చాలామంది ఉంటారు. నెల తర్వాత ఏమిటన్నది ముందే మాట్లాడుకోండి.

ఒక్క జాగ్రత్త, ఇది తప్పనిసరి. ఇన్నేళ్లుగా రోజూ తాగుతున్న మనిషి డాక్టర్‌కి చెప్పకుండా ఒక్కసారిగా ఆపకూడదు. పొద్దున్నే చేతులు వణకడం, చెమటలు, నిద్ర పట్టకపోవడం లాంటివి ఇప్పటికే ఉంటే మరీను. కొంతమందికి ఆపిన రెండు మూడు రోజుల్లో ఫిట్స్ వస్తాయి, మతి తప్పి మాట్లాడతారు, అది ప్రాణం మీదకొచ్చే పరిస్థితి, వెంటనే ఆసుపత్రికి తీసుకెళ్లాలి. డాక్టర్ మందులిచ్చి మెల్లగా ఆపించగలరు.

మానడానికి ఆయన ససేమిరా అంటే తగ్గించడం ఇంకో దారి. కంటి లెక్క పక్కనపెట్టి 30 మిల్లీలీటర్ల కొలత గ్లాసు ఒకటి కొనండి, అసలు లెక్క మాత్రం బాటిల్‌తో పెట్టుకోండి. ఫుల్ బాటిల్ ఐదు రోజులకి బదులు పన్నెండు రోజులు వస్తే రోజుకు 20 గ్రాముల చిల్లరకి దిగినట్టు. ఒప్పించడం తేలిక, జారిపోవడమూ తేలిక, పెళ్లి అనో ఫ్రెండొచ్చాడనో బాటిల్ తొమ్మిది రోజులకి వచ్చేస్తుంది. పైగా లివర్ ఇలా ఉన్నప్పుడు తగ్గిస్తే చాలదు, పూర్తిగా మానాలి అని డాక్టర్ అనొచ్చు. అడిగి తెలుసుకోండి.

ఆయన ఏదీ ఒప్పుకోకపోవచ్చు కూడా. అప్పుడు బాటిళ్లు దాచడం, సింకులో పారబోయడం, రోజూ గ్లాసు వైపు చూస్తూ కూర్చోవడం చేయకండి. దానివల్ల ఆయన బయట తాగి బండి మీద ఇంటికి రావడం మొదలుపెడతారు, అది ఇంకా ప్రమాదం. మీ భయం ఒకసారి చెప్పండి, ఆరు నెలలకోసారి పరీక్షలు మానకుండా చూడండి, మిగతాది ఆయనకి వదిలేయండి. కష్టమే, కానీ ఇరవై ఏళ్లు కాపలా కాయడం మీ వల్ల కాదు. సాయం కావాలంటే 14446 కి ఫోన్ చేయండి, అది మత్తు అలవాట్ల గురించి ప్రభుత్వం నడిపే ఉచిత లైన్. మీ మనసు బాగోనప్పుడు మీ కోసం 14416 ఉంది, టెలీ మానస్, తెలుగులోనే మాట్లాడతారు.

అమ్మాయిని వాట్సాప్‌లో వార్తలు పంపడం ఆపేయమనండి. తను పంపేవి తప్పని కాదు, కూతురి చేతిలో ఓడిపోవడం ఇష్టంలేక ఆయన ఇంకో వార్త వెతుక్కుంటున్నారు. అత్తగారితోనూ మామగారి 86 ఏళ్ల గురించి వాదించకండి. బీపీ మెషీన్ కొన్నాక రోజూ పొద్దున ఆయన చేతికి పట్టీ చుట్టి అంకెలు క్యాలెండర్ మీద రాసే పని ఆవిడకే అప్పజెప్పండి. కొడుకు బీపీ 148 అని తన చేత్తో రాసుకున్నాక, ఇదంతా రాద్ధాంతమో కాదో ఆవిడే చెప్తారు.